ఆ జాగల ఎవలు?

మా మామకు చివరి రోజుల్లో నేను సేవ చేశానని మా ఇంట్లో అందరూ చెప్పుకుంటున్నారు. నేను ఏ సేవా చేయలేదు. తనకు చివరి రోజులు వచ్చాయని ఆయనకే తెలియదు, నాకెలా తెలుస్తుంది? పోయిన అక్టోబరులో ఒక గురువారం మధ్యాహ్నం, ఇంట్లోనే, ఆఫీసు వీడియో మీటింగు నడుస్తుండగా కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయాడు. తెర మీద చూసిన తోటి ఉద్యోగి అంబులెన్సును పిలిచాడు. నేను అప్పుడు అదే ఊళ్లో, జర్మనీలోని ఆకెన్‌లోనే, యూనివర్సిటీ లైబ్రరీ ముందు వానలో, వ్యాక్సిన్ సర్టిఫికెట్ చూపించే క్యూలో నిలబడి ఉన్నాను. ఆసుపత్రి నుంచి ఒకావిడ ఫోన్ చేసి, నా పేరు రెండుసార్లు అడిగి, తర్వాత నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి జర్మన్‌లో చెప్పింది. రెండేళ్లుగా సగం సగమే అర్థమవుతున్న ఆ భాష ఆ రోజు మొత్తం అర్థమైంది.

కోవిడా అని అడిగారు అందరూ. కాదు, గుండె అన్నాను. అనగానే అవతల ఒక తడబాటు. ఈ ఏడాది జనం దగ్గర ఒక్క రకం చావుకే మాటలు సిద్ధంగా ఉన్నాయి.

ఆ తర్వాత మొదలైంది సేవ కథ. "మేనకోడలైనా కన్నబిడ్డ లెక్క చూసుకున్నది" అని హన్మకొండలో మా అమ్మ వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చెబుతోంది. వాళ్లు తలలూపుతున్నారు. నిజానికి మేమిద్దరం ఏడాదిన్నర పాటు కొట్లాడుకుంటూ ఒక ఇంట్లో ఉన్నాం. ఆఖరి ఆదివారం నుంచి ఆ గురువారం దాకా మాట్లాడుకోలేదు కూడా. బాధగా ఉందా అంటే ఉంది. మాట్లాడాల్సిందేమో అనిపిస్తుందా అంటే, లేదు. ఆ నాలుగు రోజులూ నాకు ఆయన మీద కోపం ఉండింది, ఆ కోపానికి కారణమూ ఉండింది. అదే ఇక్కడ చెబుతున్నాను. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. ఆయనుంటే ఆ ఆచారాన్ని కూడా ఒక తిట్టు తిట్టేవాడు.

మామ అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. పద్నాలుగేళ్లు మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేసి, అక్కడి కంపెనీ పంపిస్తే ఆకెన్ వచ్చాడు. ఒంటరి మనిషి. అంత దూరం నుంచి తెచ్చుకున్నవి ఏమైనా ఉన్నాయంటే ఒక ఉన్ని మఫ్లరు, ఒక జబ్బు. ఆ జబ్బు పేరు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్. మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. క్రికెట్ ఆడేంత మైదానం, ఒక్కో వైపు పద్దెనిమిది మంది, కోడిగుడ్డు ఆకారంలో బంతి. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, పట్టుకోవడానికి ఎదుటివాడి భుజాల మీదికి ఎక్కవచ్చు. రెండు చివరలా నాలుగేసి స్తంభాలు. బంతి మధ్య రెండింటి నడుమ నుంచి పోతే ఆరు పాయింట్లు, పక్క సందులోంచి పోతే ఒక్కటి.

మామ జట్టు పట్టికలో అట్టడుగున ఉండేది. రీబిల్డింగ్‌లో ఉన్నామని వాళ్ల క్లబ్బు ప్రతి ఏడాదీ ప్రకటించేది. అంటే పాతవాళ్లను సాగనంపి, చిన్న కుర్రాళ్లను తెచ్చుకుని, కొన్నేళ్లు ఓడిపోతూ ఓడిపోతూ జట్టును మళ్లీ కట్టుకోవడం. ఆ మాటంటే మామకు ఒళ్లుమంట.

"కూలినంక కట్టుడు రీబిల్డింగు బిడ్డా. మనోళ్లది ఇంకా కూలుడే నడుస్తున్నది" అనేవాడు.

నేను ఆయనింటికి చేరింది రెండువేల ఇరవై మార్చిలో. మాస్టర్స్ రెండో సెమిస్టరు. నేనుండే షేరింగ్ ఫ్లాట్‌లో ఒకమ్మాయికి జ్వరం వచ్చింది. మిగిలినవాళ్లం వంటింటికి వంతులేసుకుని, ఒకరి గ్లాసు ఒకరం అనుమానంగా చూసుకోవడం మొదలుపెట్టాం. అమ్మ భయపడి తమ్ముడికి ఫోన్ చేసింది. రెండు సూట్‌కేసులతో, ఖాళీ బస్సులో, మూడో అంతస్తులో ఉన్న ఆయన ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"ఎన్ని రోజులు?"

"రెండు వారాలు మామా."

"అన్నం అడుగంటిస్తే గిన్నె నువ్వే తోమాలె. శనివారం పొద్దుగాల ఆరింటికి టీవీ నాది. గంతే, ఇంకేం రూల్స్ లెవ్వు."

అప్పుడు ఆటలన్నీ ఆగిపోయి ఉన్నాయి. అయినా శనివారం ఆరింటికి లేచి పాత మ్యాచ్‌లు పెట్టుకున్నాడు. అన్నీ ఆయన జట్టు ఓడిపోయినవే. ఉండబట్టలేక అడిగాను, గెలిచినవి పెట్టుకోవచ్చు కదా అని.

"గెలిచినయి మూడే ఉన్నయి. పోయిన వారమే చూసుడు అయిపోయింది."

జూన్‌లో ఆటలు మళ్లీ మొదలయ్యాయి, ఖాళీ స్టేడియాల్లో. టీవీవాళ్లు వెనకాల జనం అరుపులు రికార్డు చేసినవి కలిపేవారు. మామ మొదటి మ్యాచ్ మొదటి నిమిషంలోనే శబ్దం తీసేశాడు. "డబ్బా చప్పట్లు నాకొద్దు" అన్నాడు. ఇక ఇంట్లో వినిపించేది ఆయన గొంతొక్కటే. కింది అంతస్తులోని జర్మన్ ముసలావిడ చీపురు కర్రతో పైకప్పును పొడిచేది. ఆమెకు పొడవడానికి హక్కుందని మామ ఒప్పుకునేవాడు, నాలుగు నిమిషాలు గొంతు తగ్గించేవాడు, తర్వాత మళ్లీ మామూలే.

సగం ఆటకు విరామం ఇస్తారు. ఆ కాస్త వ్యవధిలో మామ సర్వపిండి చేసేవాడు. పిండి మ్యాచ్‌కు ముందే కలిపి, పల్లీలు, నువ్వులు, కరివేపాకు వేసి సిద్ధంగా పెట్టుకునేవాడు. సైరన్ మోగగానే వంటింట్లోకి నడిచి, గిన్నెకు అద్ది, వేలితో గుంటలు పొడిచి నూనె పోసేవాడు. జట్టు మరీ ఘోరంగా ఓడుతుంటే ఆ గుంటలు లోతుగా పడేవి. ఆట మళ్లీ మొదలయ్యాక ఏదైనా ఘోరం జరిగిందా, పొయ్యి మీదిది మాడిపోయేది. మాడినదాన్ని ఆయనే తినేవాడు, నాకు పెట్టేవాడు కాదు. నా మీద ప్రేమతో అని మా అమ్మ అనుకుంటుంది. కాదు. "ఆట గురించి మాడింది, ఆట చూసేటోడే తినాలె" అనేవాడు. నేను అప్పటికింకా ఆట చూసేదాన్ని కాదు.

ఓడిపోయిన ప్రతిసారీ ఇంట్లో కిటికీలన్నీ తెరిచేవాడు. జర్మనీలో అందరూ గాలి కోసం రోజూ కిటికీలు తెరుస్తారు, చలికాలంలో కూడా. మామ మాత్రం ఓటమికి మాత్రమే తెరిచేవాడు. "వాసన పోవాలె" అనేవాడు. ఆ లెక్కన ఆకెన్ మొత్తంలో మాది అన్నిటికంటే బాగా గాలాడే ఇల్లు. ఒకసారి మెట్ల మీద కింది ముసలావిడ ఎదురై, మాస్కు లోంచి, "ఈ వారం కూడా ఓడిపోయినట్టున్నారు" అంది. ఎలా తెలుసు అన్నాను. వేలు పైకెత్తి మా కిటికీలు చూపించింది.

ఆ జట్టులో ఒక పొడుగువాడు ఉండేవాడు. ఇరవై ఏళ్లవాడు, తాటిచెట్టంత ఎత్తు. ఎత్తున వచ్చే బంతులు పట్టుకోవడమే వాడి పని. అది తప్ప అన్నీ చేసేవాడు. ఒక శనివారం, నేను సోఫాలో చాయ్ తాగుతూ కూర్చున్నప్పుడు, వాడి చేతుల్లోకి నేరుగా వచ్చిన బంతి జారి ముక్కుకు తగిలింది. "పాపం" అన్నాను.

మామ నావైపు తిరిగాడు. "పాపం అనకు. జాలిపడేటోడు అభిమాని కాదు, చుట్టపుచూపుకొచ్చినోడు. తిట్టు. తిట్టుడు రాకుంటే పోయి ఇంకో చాయ్ పెట్టు."

నేను చాయ్ పెట్టలేదు. పొడుగువాడిని తిట్టాను. తెలుగులో, బాగానే తిట్టాను. ఆ రోజు మామ నాకు మాడిన సర్వపిండిలో సగం తుంచి పెట్టాడు. అది ఆయన చేసిన మొదటి మర్యాద.

సీజన్ అయిపోయాక, ఆదివారం పూట, ఆయన వీడియో కాల్‌లో ఒక పంచాయితీ పెట్టేవాడు. కూర్చునేది ముగ్గురు. మామ. మెల్‌బోర్న్‌లో ఆయన పాత రూమ్మేట్, గుడివాడ మనిషి, ఆయన్ని నేను మెల్‌బోర్న్ అంకుల్ అనేదాన్ని. మూడో ఆయన హైదరాబాద్ పాతబస్తీ మనిషి, అప్పట్లో ఆ ఇద్దరితో కలిసి అదే అపార్ట్‌మెంట్‌లో ఉండి అదే జబ్బు తగిలించుకున్నవాడు, ఇప్పుడు జర్మనీలోనే కైసర్స్‌లౌటర్న్ అనే ఊళ్లో రీసెర్చ్ చేస్తున్నాడు. ఆయన్ని అందరం భాయ్ అనే పిలిచేవాళ్లం. జట్టులో ఒక్కో ఆటగాడి పేరూ మామ చదువుతాడు. ఉంచాలా, పంపాలా? ఒక్కొక్కరూ ఓటు వేయాలి. నాకు ఆ ఏడాది నుంచి ఓటిచ్చారు.

పొడుగువాడి పేరు వచ్చింది.

"పంపించెయ్ భాయ్ వాన్ని. రెండు సాల్ల సంది చూస్తున్న. చేతులా, చాటలా అవి?" అన్నాడు భాయ్.

"చాటలైతే బంతి ఆగేదండీ. అవి జల్లెళ్లు" అన్నాడు మెల్‌బోర్న్ అంకుల్.

"సరే, పంపుదాం" అన్నాడు మామ. "ఆ జాగల ఎవలు?"

"ఎవడో ఒకడు యార్. వానికంటె ఖరాబ్ ఎవడుంటడు?"

"ఎవడో ఒకడు చెల్లదు. పేరు చెప్పు. పేపర్ల చదివింది కాదు, నీ కండ్లతోని చూసినోని పేరు చెప్పు."

భాయ్ గడ్డం గోక్కున్నాడు. పేరు రాలేదు.

"ఐతె నీ ఓటు చెల్లదు. వాడు ఉంటడు. తర్వాతోడు."

ఇదీ మామ రూలు. పంపమన్నవాడు ఆ స్థానంలో ఎవరో చెప్పాలి, చెప్పలేకపోతే ఓటు లెక్కలోకి రాదు. "తీసెయ్యుడు అందరికీ అల్కనే, పెట్టుడే కష్టం" అనేవాడు. పొడుగువాడి మీద ఆయనకేం ప్రేమ లేదు, వాడిని అందరికంటే ఎక్కువ తిట్టింది ఆయనే. కానీ రూలు రూలే. ఒకసారి కోచ్‌ని పంపాలని తనే ఓటేసి, పేరు చెప్పలేక, తన ఓటు తనే కొట్టేసుకుని, లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాడు.

మనుషుల్ని బేరీజు వేసేవాళ్లను నేను చాలామందిని చూశాను. మా ఇంట్లో ఫోన్ ఎత్తితే అదే పని. ఫలానావాళ్ల అబ్బాయి, ఫలానావాళ్ల అమ్మాయి, ఎవరు ఎందుకు పనికిరారు. ఆ స్థానంలో ఏం పెడతారు అని అడిగే మనిషిని మాత్రం ఈయన్నొక్కడినే చూశాను.

ఆ ఏడాది నేనొక ఓటు గెలిచాను. వయసైపోయిన ఒక డిఫెండర్‌ని పంపాలన్నాను. ఆ జాగల ఎవలు అన్నాడు మామ. రెండో జట్టులో ఆడే ఒక పొట్టి కుర్రాడి సంగతి చెప్పాను. వాడు బంతి వైపు చూడడని, బంతి కోసం వచ్చేవాడి నడుము వైపు చూస్తాడని, అందుకే అందరికంటే ముందు కదులుతాడని చెప్పాను. ఏ మ్యాచ్‌లో చూశానో చెప్పాను.

"నువ్వు చూస్తున్నవ్" అన్నాడు మామ.

ఆ మాట నాతో అప్పటిదాకా ఎవరూ అనలేదు. మార్కులు బాగున్నాయన్నారు, బుద్ధిమంతురాలన్నారు, చదువుల తల్లి అన్నారు. నేను చూస్తానన్న సంగతి ఎవరూ చూడలేదు.

ఇక నా సంగతి. నా చదువులో కంట్రోల్ ఇంజనీరింగ్ అని ఒక తప్పనిసరి సబ్జెక్టు ఉంది. ఇక్కడ మాకు పరీక్షకు మూడు అవకాశాలు. మూడోసారి కూడా తప్పితే ఆ చదువు ఆ ఒక్క యూనివర్సిటీలోనే కాదు, దేశమంతా మూసుకుపోతుంది. వీసా చదువు మీద ఉంటుంది కాబట్టి దాని తలుపూ అదే దెబ్బకు పడుతుంది. మొదటిసారి తప్పాను. ఈ ఏడాది సెప్టెంబరులో రెండోసారి రాశాను. అక్టోబరు మొదట్లో ఫలితం వచ్చింది. తప్పాను.

అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. "పాపం నా బిడ్డ, ఒక్కతే ఎంత కష్టపడుతున్నదో" అంది. నాన్న వెనక నుంచి, "వదిలెయ్యుమను, మనకేం తక్కువ" అన్నాడు. మామ మాత్రం వంటింట్లో ఉల్లిపాయలు కోస్తూ, తల ఎత్తకుండా అడిగాడు:

"రానియి వదిలిపెట్టినవా, వచ్చినయి తప్పు రాసినవా?"

"వచ్చినవే తప్పు రాశాను."

"ఎందుకు?"

"తెలియదు."

"తెలియదు అంటె కాదు. తెలుసుకో" అన్నాడు. అంతే. ఆ రాత్రి అన్నం ఎప్పటిలాగే తిన్నాం. ఆ ఇంట్లో నన్ను పాపం అనని మనిషి ఒకడున్నాడని నాకు ధైర్యంగా ఉండింది. అందుకే ఆ తర్వాత జరిగింది అంత గట్టిగా తగిలింది.

ఆ ఆదివారం పంచాయితీ. జట్టు మళ్లీ అట్టడుగునే. పొడుగువాడు కథల్లోలాగా హీరో అయిపోలేదు. ఆఖరి మ్యాచ్‌లో ఒకే ఒక్క బంతి శుభ్రంగా పట్టుకున్నాడు, తన్నితే అది స్తంభానికి కొట్టుకుంది. ఒక్క పాయింటు. భాయ్ వాడిని ఈసారి కూడా పంపమన్నాడు, ఈసారి కూడా పేరు చెప్పలేదు, వాడు ఈసారి కూడా ఉండిపోయాడు. పేర్లన్నీ అయ్యాయి. నేను ల్యాప్‌టాప్ మూయబోతుంటే మామ, "ఆగు, ఇంకొక పేరున్నది" అన్నాడు.

నా పేరు చదివాడు.

"అరే, పిల్లతోని ఏం మజాక్ భాయ్ ఇది" అన్నాడు భాయ్.

"మజాక్ కాదు. రెండు సీజన్లు ఓడింది. మూడోది ఓడితె క్లబ్బే ఉండదు. నా ఓటు పంపెయ్యాలనే. మూడోసారి రాయకముందే ఇంటికి పోవాలె."

"కండ్లతోని ఏం చూసినవ్ మామా?" అన్నాను.

"పుస్తకం ముంగట పెట్టుకుని కిటికీలకెళ్లి చూసుడు చూసిన. తప్పు లెక్క కొట్టేసి మళ్ల అదే తప్పు రాసుడు చూసిన. పరీక్ష పొద్దుగాల బుక్కెడు అన్నం మింగలేకపోవుడు చూసిన. ఇంకేం చూడాలె?"

అన్నీ నిజాలే. అదే మరీ మండింది.

మెల్‌బోర్న్ అంకుల్ గొంతు సవరించుకున్నాడు. "అంతా బానే ఉందండీ. మరి ఆ ప్లేసులో ఏంటి? మీ రూలేగా. ఈ చదువు తీసేస్తే ఆ పిల్ల ఏం చేస్తుందో చెప్పండి."

వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. మామ లేచి వెళ్లి పొయ్యి ఆర్పి, గరిటె చేత్తో పట్టుకునే తిరిగొచ్చాడు.

"చెప్త. ఆలోచించి చెప్త" అన్నాడు.

నేను ల్యాప్‌టాప్ మూసేసి నా గదిలోకి పోయాను. ఆ నాలుగు రోజులూ నేను మాట్లాడలేదు, ఆయనా మాట్లాడలేదు. గది బయట పళ్లెంలో సర్వపిండి పెట్టేవాడు, మాడనిది. తినేదాన్ని. పళ్లెం కడిగి బోర్లించేదాన్ని. దాన్ని రాజీ అనుకుని మీరు కరిగిపోనక్కర్లేదు. ఆకలేసింది, తిన్నాను. గురువారం పొద్దున నేను బూట్లు వేసుకుంటుంటే ఆయన హెడ్‌ఫోన్స్ తగిలించుకుంటూ నావైపు చూశాడు. గొడుగు తీసుకోలేదని చెప్పబోయాడేమో. చెప్పలేదు.

దహనం ఆకెన్‌లోనే జరిగింది. లోపలికి కొద్దిమందినే రానిచ్చారు. భాయ్ కైసర్స్‌లౌటర్న్ నుంచి రైలు మీద రైలు మారి వచ్చాడు. హన్మకొండ అంతా ఫోన్ తెరలో ఉంది. నేను పెట్టె మీద ఆయన ఉన్ని మఫ్లరు పరిచాను. తెరలోంచి అమ్మ గొంతు, "ఆ గుడ్డేందే, తియ్యి, తెల్లబట్ట కప్పాలె" అంటోంది. భాయ్ ఫోన్ తీసుకుని శబ్దం తగ్గించాడు. డబ్బా చప్పట్లు నాకొద్దు అన్న మనిషికి అది తగిన పనే.

పదకొండో రోజు అయ్యాక అమ్మ అసలు మాట బయటపెట్టింది.

"మామ ఆఖరి మాట నీకు చెప్పాలె. సోమవారం నాకు ఫోన్ జేసిండు. 'అక్కా, పిల్లను తీస్కపో, ఆ పరీక్ష మళ్ల రాయనియ్యకు' అన్నడు."

అబద్ధం చెబుతోందని నేననలేదు. అని ఉంటాడు. ఆదివారం నా మొహం మీదే అన్నాడు కదా.

"తర్వాత ఏమన్నడు?" అన్నాను.

"ఇంకేమంటడు?"

"అక్కడికొచ్చి నేను ఏం జేయాలన్నడు?"

"గదంత ఆయనెందుకు చెప్తడు? మేం లేమా? ఏదో ఒకటి చూస్తం. హైదరాబాద్‌ల ఏదో ఒక జాబ్ దొరకదా?"

"ఏదో ఒకటి చెల్లదమ్మా."

"ఏంది చెల్లదు? పిచ్చి లేసిందా నీకు? సచ్చిపోయినోని మాటకు విలువియ్యవా? అంత సేవ జేసినవ్, ఆఖరి కోరిక తీర్చవా?"

ఇదిగో, ఇక్కడికొచ్చింది సేవ కథ. సేవ చేసిన పిల్ల కోరిక కూడా తీర్చాలి. అందుకే నన్ను అంతగా పొగిడారు. ఇప్పుడు బంధువులందరూ తలా ఒక ఫోన్ చేసి మామ ఆత్మ గురించి నాకు చెబుతున్నారు. మామ ఏ జట్టు అభిమానో కూడా తెలియని మనుషులు, ఆయన ఆత్మకు ఏం కావాలో చెబుతున్నారు.

నేను భాయ్‌కి ఫోన్ చేశాను. ఆదివారం తర్వాత మామ ఏమైనా చెప్పాడా అని అడిగాను.

"బుధవారం మాట్లాడినం బేటా. నేనే అడిగిన, పిల్ల జాగల ఏంది భాయ్, సోచాయించినవా అని. 'ఠైర్, జర ఆగు, చెప్త' అన్నడు. గంతే. మళ్ల ఫోన్ రాలె."

మెల్‌బోర్న్ అంకుల్‌ని అడిగాను. ఆయన చాలాసేపు ముక్కు చీదుకున్నాడు. "చెప్పకుండానే పోయాడమ్మా. ఎన్నిసార్లు నా ఓటు కొట్టేశాడు ఆ మహానుభావుడు! ఆయన రూలు ఆయనకి మాత్రం వర్తించదా?" అన్నాడు. ఆగి, "మా ఇద్దరి ఓట్లూ అడగవేం మరి?" అన్నాడు.

"వద్దంకుల్" అన్నాను.

కావాలనే చెప్పకుండా వదిలేశాడు, మేనకోడలి మీద నమ్మకంతో, అని ఒకరిద్దరు స్నేహితులు తీయగా చెప్పి చూశారు. నేనలా అనుకోను. ఆయన నిజంగానే నన్ను పంపాలనుకున్నాడు. బాగా చూసే, చూసింది చెప్పే మనిషి. ఆయన ఓటుకు కారణాలున్నాయి, అవన్నీ నేను ఒప్పుకుంటాను. ఇంకో వారం బతికితే పేరు కూడా చెప్పేవాడేమో, అప్పుడు నేను కూర్చుని ఆలోచించాల్సి వచ్చేది. అంత చేయగల మనిషి మా ఇంట్లో ఆయనొక్కడే.

ఇప్పుడు డిసెంబరు. జనవరి నెలాఖరుకు ఈ ఇల్లు అప్పగించాలి, గోడలకు తెల్లరంగు వేయించి. ఆయన సామాను పెట్టెల్లో సర్దుతున్నాను. సర్వపిండి గిన్నె నేను ఉంచుకుంటున్నాను, అమ్మ అడిగింది, ఇవ్వనన్నాను. తప్పు లెక్క కొట్టేసి అదే తప్పు ఎందుకు మళ్లీ రాస్తున్నానో కూడా ఇప్పుడు తెలిసింది. కాగితం మీద కొట్టేసినదాన్ని కళ్లు వదలడం లేదు, దాన్నే చూసి రాస్తున్నాను. ఇప్పుడు తప్పు వస్తే కాగితమే మార్చేస్తున్నాను.

మొన్న మెట్ల మీద కింది ముసలావిడ ఆపింది. దూరంగానే నిలబడి, "మీ కిటికీలు ఎప్పుడు చూసినా మూసే ఉంటున్నాయి. గెలుస్తున్నారా?" అంది. ఆమెకు ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలిసింది. చెప్పాను. కాసేపు రెయిలింగు పట్టుకుని నిలబడింది. తర్వాత నేను పైకి వచ్చి, హాలులో, వంటింట్లో, ఆయన గదిలో అన్ని కిటికీలూ బార్లా తెరిచాను. మంచు వాసన లోపలికి వచ్చింది. హీటరు మీద పెట్టిన లెక్కల కాగితాలు ఎగిరి నేల మీద పడ్డాయి. కింద వీధిలో ముసలావిడ చెత్త సంచీ పట్టుకుని తల పైకెత్తి చూస్తోంది.

మామ ఓటు చెల్లదు. ఫిబ్రవరిలో నేను మూడోసారి పరీక్ష రాస్తున్నాను. హన్మకొండకు రావడం లేదు.